ముగింపు లేని ఫైలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో షుగరు వ్యాధిపై చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించీ, డి.ఎ. బకాయిల గురించీ నాకంటె బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద ఓ పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. 1974లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. నాకు తెలిసినవల్లా కాగితాలు. అందుకని ఒక కాగితం సంగతే చెబుతాను. ఆ కాగితాన్ని నేను నాలుగు నెలలు దాచాను. దాని నష్టం నా ఒక్కడితో పోయి ఉంటే నలుగురిలో చెప్పుకోవలసిన పని లేదు.

2023 జనవరిలో కుడికంటి శుక్లానికి ఆపరేషను చేయించుకుందామని వెళ్ళాను. ముందుగా రక్తపరీక్షలు చేశారు. మర్నాడు రిపోర్టు చేతిలో పెట్టారు. పరగడుపున షుగరు 198. మూడు నెలల సగటు చెప్పే హెచ్.బి.ఎ.1సి. 9.1. పరగడుపున 126 గాని, ఆ సగటు 6.5 గాని చేరితే షుగరు వ్యాధి అంటారని అప్పుడే తెలిసింది. కంటి డాక్టరుగారు "ముందు షుగరు అదుపులోకి తెచ్చుకోండి, తరవాత ఆపరేషను చూద్దాం" అన్నారు. అంతే, రెండు నిమిషాల మాట.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. ఇంటికి రాగానే మా ఆవిడ "ఏమన్నారండీ?" అని అడిగింది. "డాక్టరుగారు సెలవులో ఉన్నారు, వేసవి వెళ్ళాక రమ్మన్నారు" అన్నాను. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్ళతో 'ఆ సెక్షను గుమాస్తా సెలవులో ఉన్నాడు, రేపు రండి' అని ఎన్నిసార్లు అన్నానో గాని, ఆ మాట అంత తేలిగ్గా నోటికి వచ్చింది. కాగితం తీసుకెళ్ళి, పెన్షను పేమెంటు ఆర్డరు ఉన్న కవర్లో పెట్టి బీరువాలో దాచాను. ఆ కవరు నేను తప్ప ఇంట్లో ఎవరూ ముట్టరు.

ఎందుకు దాచానంటే, మొదటిది భయం. మా అన్నయ్యకు షుగరు ఉండేది. 1991లో కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ ముదిరి, మోకాలి కిందిదాకా తీసేశారు. ఆస్పత్రిలో రాత్రిళ్ళు పక్కన ఉన్నది నేనే. లేని పాదం దురద పెడుతోందిరా అని ఏడ్చేవాడు. రెండేళ్ళకు పోయాడు. షుగరు అనే మాట వింటే నాకు ఆ మంచమే కళ్ళ ముందు కనిపించేది. ఆ మాట పైకి అననంతకాలం ఆ మంచం నా దాకా రాదని ఏదో పిచ్చి నమ్మకం.

రెండోది సిగ్గు. మేలో మా మనుమరాలి పెళ్ళి. మా గోదావరి జిల్లాల్లో తీపి లేనిదే మర్యాద లేదు. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ గొట్టం కాజా నోట్లో పెట్టకుండా ఎవరినీ గుమ్మం దాటనివ్వరు. శుభలేఖలు పంచడానికి ఇల్లిల్లూ తిరిగే తాతగారు 'నాకు వద్దండీ' అంటే ఎదుటివారి మొహం చిన్నబోతుంది. పైగా 'వాళ్ళ ఇంట్లో షుగరు ఉందట' అని వియ్యాలవారు అనుకుంటారేమోనన్న బెంగ. పెళ్ళి కానీ, తరవాత చూద్దాం అనుకున్నాను. ఆఫీసులో చాలా ఫైళ్ళు నేను ఇలాగే కట్ట కింద తోశాను.

ఒంట్లో తెలియలేదా అంటే తెలిసింది. రాత్రి నాలుగుసార్లు లేవడం, నాలుక పిడచకట్టడం, ఊరికే నాలుగు కిలోలు తగ్గడం. అందరూ "పెళ్ళి పనుల హడావిడిలో సన్నబడ్డారు" అన్నారు. నేనూ ఊఁ కొట్టాను. కాఫీలో చక్కెర ఒక చెంచా తగ్గించి, అదేదో పెద్ద పథ్యం చేసినట్టు తృప్తిపడ్డాను.

పెళ్ళయ్యాక కొత్త దంపతులచేత అన్నవరంలో సత్యనారాయణస్వామి వ్రతం చేయించాం. మే నెల, మిట్టమధ్యాహ్నం. వ్రతం అయ్యాక అందరూ కాలిన బండలమీద గంతులేస్తూ నీడలోకి పరుగెత్తారు. నేను మాత్రం తాపీగా నడిచాను. వియ్యాలవారిలో ఎవరో "తాతగారి భక్తి చూడండి, ఎండ కూడా తగలడం లేదు" అన్నారు. నేను నవ్వి, ప్రసాదం రెండు పొట్లాలు తిన్నాను.

ఆ రాత్రి మా ఆవిడ లైటు వేసి, "ఏమండీ, దుప్పటి మీద ఈ తడేమిటి?" అంది. చూస్తే రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి ఉన్నాయి. కుడిపాదం కింద బొబ్బ చితికి రసి కారుతోంది. నాకు నొప్పి లేదు. నొప్పి ఉంటే అంత భయపడేవాణ్ణి కాదు. అన్నయ్య కాలు గుర్తొచ్చింది. లేచి బీరువా తీసి, కవర్లోంచి ఆ కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ ముందు అంకెలు చూడలేదు, తేదీ చూసింది. ఏమీ అనలేదు. శుభ్రమైన పాత పంచె చింపి పాదానికి చుట్టి, తెల్లవారేదాకా పక్కన కూర్చుంది.

మర్నాడు మేము చూపించుకున్న డాక్టరమ్మ మా మనుమరాలి కంటె నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. ఓపికగా చెప్పింది. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే కాళ్ళ నరాలు మొద్దుబారతాయి. వేడి, ముల్లు, రాయి, దేని కబురూ పైకి చేరదు. నాకు అర్థమైన భాషలో చెప్పాలంటే, గ్రామాల నుంచి తాలూకాఫీసుకు రిపోర్టులు రావడం ఆగిపోతే అక్కడ అంతా సవ్యంగా ఉందని అనుకోవడం లాంటిది. పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది. కాలు దక్కింది. ఇంకో వారం ఆలస్యమైతే ఏమయ్యేదో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కట్టు కడుతూ డాక్టరమ్మ, "బాబాయిగారూ, పిన్నిగారికి ఎప్పుడైనా పరీక్ష చేయించారా?" అంది. "ఆవిడకేం, ఒక్కరోజు మంచం పట్టి ఎరుగదు" అన్నాను. అయినా చేయించమంది. పరగడుపున 171. హెచ్.బి.ఎ.1సి. 8.4. కళ్ళలో చుక్కలు వేసి చూస్తే, కంటి వెనక పొరమీద చిన్న చిన్న రక్తపు మచ్చలు. ఈ జబ్బు ఆవిడకు కొన్నేళ్ళుగా ఉండి ఉండాలి అన్నారు.

సూదిలో దారం ఎక్కడం లేదండీ అని ఆవిడ రెండేళ్ళుగా అంటూనే ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయండీ అని కూడా అంది. "వయసు" అన్నాను. హెల్తు కార్డులో నా పేరు కింద ఆవిడ పేరూ ఉంది. నా బి.పి. కోసం ఎన్నిసార్లు డాక్టరు దగ్గరకు వెళ్ళానో లెక్క లేదు. ఆవిడ పేరుతో మా ఇంట్లో ఒక్క రిపోర్టు లేదు. ఆటోలో తిరిగి వస్తూ ఆవిడ ఒకే మాట అంది. "జనవరిలోనే చెప్పి ఉంటే, మీతోపాటు నన్నూ చూసేవారు కదండీ."

ఆ నాలుగు నెలల్లో ఆవిడ కన్ను అదనంగా ఎంత పాడైందో ఏ డాక్టరూ చెప్పలేరు. ఏమీ పాడై ఉండకపోవచ్చు కూడా. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దాచినది నా జబ్బునే అనుకున్నాను. ఆవిడ జబ్బును కూడా నేనే కప్పిపెట్టాను.

తరవాత వెంటనే బుద్ధిమంతుణ్ణి అయిపోయానని అనుకోకండి. ఓ రెండు నెలలు ఇంట్లో పెద్ద గొడవ. హైదరాబాదు నుంచి అబ్బాయి రోజూ ఫోను చేసి "నాన్నగారూ, ఇవాళ ఎంత?" అని అడిగేవాడు. నాకు ఒళ్ళు మండేది. డెబ్భై రెండేళ్ళ వయసులో నా కంచంలోకి అందరూ తొంగిచూడడం ఏమిటని అలిగి ఒకపూట అన్నం మానేశాను. పెళ్ళిలో మిగిలిన కాజాలు దొంగతనంగా తిన్నాను. వేళ్ళతో సహా షుగరు పీకేస్తామన్న ప్రకటన చూసి, ఆరు వేలు పోసి ఓ చూర్ణం తెప్పించుకున్నాను. మాత్రలు ఆపి అది వాడితే, ఇరవై రోజుల్లో షుగరు 260 దాటింది. ఆరు వేలు పోయాయి. డాక్టరమ్మ తిట్టలేదు. "ఎంతమంది ఇలా చేస్తారో మీకు తెలియదు బాబాయిగారూ" అంది.

ఎంతమంది అంటే, భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం దేశంలో షుగరు వ్యాధి ఉన్నవారు సుమారు 10.1 కోట్లు. ఆ గడపమీద నిలబడి ఉన్నవారు మరో 13.6 కోట్లు. అది చదివాక నా సిగ్గు చాలావరకు పోయింది. ఇంతమందికి ఉన్నదానికి నేనొక్కణ్ణే తప్పు చేసినవాడిలా తలదించుకోవడం ఎందుకు? ఇది పాపఫలం కాదు. వంశంలో ఉండడం, వయసు, కూర్చునే ఉద్యోగం, పాలిష్ పట్టిన తెల్లన్నం, నడుం చుట్టూ కొవ్వు, ఇలా చాలా కలిస్తే వచ్చేది.

అన్నయ్య గురించిన భయం కూడా నెమ్మదిగా తగ్గింది. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ను వెలికితీశారు. 1922 జనవరిలో మొదటిసారి ఒక పిల్లవాడికి ఇచ్చారు. అంతకుముందు ఇన్సులిన్ ఊరని పిల్లలు కొద్దికాలంలోనే చనిపోయేవారు. దాని పేటెంటు హక్కును ఆ విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు ఇచ్చేశారు. బాంటింగ్ పుట్టిన నవంబరు 14నే ప్రపంచ మధుమేహ దినంగా జరుపుతున్నారు. బ్రిటనులో ఇరవై ఏళ్ళపాటు రోగులను గమనించి 1998లో ప్రకటించిన ఫలితాలలో, షుగరును అదుపులో ఉంచుకుంటే కళ్ళు, మూత్రపిండాలు దెబ్బతినడం తగ్గుతుందని తేలింది. అది ప్రకటించేనాటికి అన్నయ్య లేడు. మనం ఉన్నాం. ఆ తేడాను వాడుకోకపోతే ఎలా అనిపించింది.

అప్పుడు నాకు చేతనైన పని చేశాను. ఒక రిజిస్టరు తెరిచాను. ఎడమ పేజీ నాది, కుడి పేజీ ఆవిడది. వారానికి రెండు రోజులు పరగడుపున, రెండు రోజులు తిన్న రెండు గంటలకు ఇంట్లో మిషనుతో చూసి రాస్తాను. అది రోజువారీ క్యాష్‌బుక్కు. మూడు నెలలకోసారి వచ్చే హెచ్.బి.ఎ.1సి. ఆడిట్. ఆడిట్‌కు ముందు నాలుగు రోజులు పథ్యం చేసి లెక్క సరిచేద్దామంటే కుదరదు. అది మూడు నెలల లెక్కా బయటపెడుతుంది.

ఆ రిజిస్టరు నేర్పిన సంగతులు కొన్ని చెబుతాను.

రాగిజావ తాగితే షుగరు పెరగదని ఎవరో చెబితే పెద్ద గ్లాసుడు తాగాను. రెండు గంటలకు 240. రాగులు మంచివే. కాని మెత్తగా పిండి పట్టించి జావ కాస్తే గబగబా అరిగి రక్తంలోకి వచ్చేస్తుంది. కొర్రలైనా, జొన్నలైనా, అన్నమైనా కొలత ముఖ్యం. ఇప్పుడు ఒక గిన్నె పెట్టుకున్నాం. పూటకు ఆ గిన్నెడు అన్నం, దానికి రెట్టింపు కూర, పప్పు, మజ్జిగ. ముందు కూర తిని తరవాత అన్నం కలుపుకుంటే అంకె తగ్గుతోందని మా రిజిస్టరే చెప్పింది. ఇద్దరికీ ఒకటే వంట. ఒకరికి పథ్యం, ఒకరికి విందు ఉన్న ఇంట్లో పథ్యం నిలవదు.

భోజనం అయ్యాక పావుగంట నడుస్తాం. ఇంట్లో కూడా చెప్పులు విడవం. గుడికి వెళితే ఎండెక్కకముందే వెళతాం. రాత్రి పడుకునేముందు నా పాదాలు ఆవిడ, ఆవిడ పాదాలు నేను చూస్తాం. వంగలేనివారు అద్దం కింద పెట్టుకుని చూసుకోవచ్చు.

షుగరు పడిపోవడం సంగతి మాత్రం అందరూ శ్రద్ధగా వినండి. ఒక ఏకాదశినాడు ఉపవాసం ఉండి, మాత్ర మాత్రం మామూలుగా వేసుకున్నాను. పదకొండు గంటలకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. మా ఆవిడ చూస్తే 54. మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించింది. పావుగంటకు తేరుకున్నాను. 70 కంటె తగ్గితే వెంటనే తీపి ఇవ్వాలి, పావుగంట తరవాత మళ్ళీ చూడాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కొన్ని రకాల మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఈ ప్రమాదం ఉంది. ఉపవాసం ఉండదలిస్తే ముందే డాక్టరును అడగండి. మన వయసులో షుగరు కొంచెం పెరగడం కంటె ఇలా పడిపోవడం ఎక్కువ ప్రమాదం. అందుకే డాక్టరమ్మ నాకు 7కు అటూ ఇటూ ఉంటే చాలంది. బలహీనంగా ఉన్న పెద్దవారికి 8 దాకా కూడా ఒప్పుకుంటారట. పక్కింటాయనకు 6.2 వచ్చిందని మనం పోటీకి దిగకూడదు.

మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవారికి బి12 విటమిన్ తగ్గవచ్చు, అది కూడా చూపించుకోండి. మందుల ఖర్చు బరువైతే జన ఔషధి దుకాణాల్లో ఇవే మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. డాక్టరు ఇన్సులిన్ అంటే అదేదో ఆఖరి మెట్టు అని బెంబేలుపడకండి. అదీ ఒక మందే.

ఇప్పుడు నా లెక్క 7.2, ఆవిడది 7. శుక్లం ఆపరేషను ఆ ఏడాది డిసెంబరులోనే అయింది. ఆవిడ కళ్ళు ఆరు నెలలకోసారి చూపిస్తున్నాం. మచ్చలు పెరగలేదన్నారు. సూదిలో దారం మాత్రం నేనే ఎక్కించి ఇస్తాను. అలా ఇచ్చిన ప్రతిసారీ ఆటోలో అన్న ఆ మాట గుర్తొస్తుంది. తీపి పూర్తిగా మానలేదు. సంక్రాంతికి ఒక అరిసె ఇద్దరం చెరి సగం తింటాం, ఆ పూట అన్నం తగ్గిస్తాం, రిజిస్టరులో రాస్తాం. ఎల్.డిస్. కొట్టి అటకెక్కించే కాగితం కాదిది. ముగింపు లేని ఫైలు. రోజూ బల్లమీదకు వస్తుంది, రోజూ సంతకం పెట్టాలి. అలవాటైతే పెద్ద కష్టం కాదు.

చివరగా రెండు మనవులు. ఏటా మనం బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. ఎవరూ మరిచిపోరు, మరిస్తే పెన్షను ఆగుతుంది. ఆ నెలలోనే భార్యాభర్తలిద్దరూ షుగరు, కళ్ళు, పాదాలు, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. ముప్పై ఏళ్ళు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగరు, బి.పి. ఉచితంగానే చూస్తారు. మీతోపాటు వచ్చిన పిల్లలూ చూపించుకోవాలి.

రెండోది సంఘం కార్యవర్గానికి. వచ్చే సర్వసభ్య సమావేశంనాడు ఒక బల్ల వేసి షుగరు పరీక్ష ఏర్పాటు చేయండి. వరసలో మొదట కుటుంబ పెన్షనరు సోదరీమణులను నిలబెట్టండి. వారికి 'పదండి, పరీక్ష చేయిద్దాం' అనే మనిషి ఇంట్లో ఉండకపోవచ్చు. ఆ తరవాత మన ఇంటివారిని. మనం ఆఖర్న నిలబడదాం. ఆ రోజు బల్ల దగ్గర రాసుకోవడానికి ఒక గుమాస్తా కావాలంటే నేను సిద్ధం. రిజిస్టరు కూడా నేనే తెచ్చుకుంటాను.